తుంటి మార్పిడి తర్వాత కీలు స్థానం తప్పిపోకుండా ఇంట్లో ఏమేమి చూసుకోవాలి?

తులసికోట
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా అమ్మకు 69 ఏళ్లు. కార్తీక మాసంలో తెల్లవారుజామున తలస్నానం చేసి వస్తూ తడి అరుగు మీద జారిపడింది. ఎడమ తుంటిలో, తొడ ఎముక పైభాగాన 'మెడ' అనే సన్నటి చోట విరిగింది. గుంటూరులో ఆపరేషన్ చేసి కీలు మార్చారు. ఇవాళ్టికి తొమ్మిది రోజులు. బుధవారం ఇంటికి పంపుతామన్నారు. తెనాలి దగ్గర మా పల్లెకు తీసుకువెళ్లాలి.

డాక్టరు గారు చాలా తొందరలో ఉన్నారు. "కింద కూర్చోకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు, కీలు తప్పితే మళ్లీ మొదటికొస్తుంది" అని చెప్పి పక్క మంచం దగ్గరకు వెళ్లిపోయారు. ఆ చివరి మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

మా ఇల్లు పాతది. మరుగుదొడ్డి పెరట్లో ఉంది, కింద కూర్చునే రకం. అమ్మ పడుకునేది నవారు మంచం. స్నానం పీట మీద, వంట కత్తిపీటతో, భోజనం చాప మీద. మధ్యాహ్నం కాసేపు నాన్న పడక కుర్చీలో నడుము వాలుస్తుంది. అంటే అమ్మ రోజంతా గడిచేది నేల మీదే. నాన్నకు 75. నేను నెల రోజులు సెలవు పెట్టాను. ఈ మూడు రోజుల్లో ఇంట్లో ముందు ఏది మార్చాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

గోదావరిగట్టు
ఆదివారం, రాత్రి 10:25

అమ్మా, మా నాన్నగారికి కీలు తప్పింది. అందుకే వెంటనే రాస్తున్నాను. మీరు భయపడాలని కాదు, మేము చేసిన తప్పులు మీ ఇంట్లో జరగకూడదని.

నాన్నగారికి అప్పుడు 74. ఆపరేషన్ బాగా జరిగింది. ఐదో వారానికి వాకర్ పట్టుకుని వీధి చివరిదాకా నడిచేవారు. ఇక ఏమీ కాదనుకున్నాం. బంధువుల గృహప్రవేశానికి తీసుకెళ్లాం. పెద్దాయన కదా అని గౌరవంగా సోఫాలో కూర్చోబెట్టారు. మెత్తటి సోఫా, కూర్చోగానే లోపలికి దిగిపోయింది. మోకాళ్లు నడుము కంటే పైకి వచ్చాయి. భుజం మీది కండువా జారి కింద పడింది. దాన్ని తీసుకోవడానికి ముందుకు వంగారు. లోపల ఏదో టక్కుమన్నట్టు అనిపించిందట. ఆ తర్వాత ఆయన పెట్టిన కేక మా అందరికీ ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

కాలు పొట్టిగా అయిపోయింది, పాదం లోపలికి తిరిగిపోయింది. కదపలేకపోయారు. అక్కడ మేము రెండు తప్పులు చేశాం. ఒకటి, ఒకరెవరో "తిమ్మిరి పట్టి ఉంటుంది, లాగితే సర్దుకుంటుంది" అంటే కాలు లాగడానికి ప్రయత్నించాం. రెండోది, స్థిమితపడతారని కాఫీ తాగించి, ఒక ఇడ్లీ పెట్టాం. ఆసుపత్రికి వెళ్లాక మత్తు ఇచ్చి కీలు సరిచేయాలన్నారు. కడుపులో ఆహారం ఉంది కాబట్టి కొన్ని గంటలు ఆగాల్సి వచ్చింది. ఆ గంటలన్నీ నాన్నగారు ఆ నొప్పితోనే ఉన్నారు.

మత్తులో కీలును లోపలికి కూర్చోబెట్టారు, కోయాల్సిన అవసరం రాలేదు. తర్వాత ఆరు వారాలు నడుముకు, తొడకు కలిపి పట్టీ కట్టుకున్నారు. ఇప్పుడు నాలుగేళ్లయింది, బాగున్నారు. ఏ ఇంటికి వెళ్లినా ముందు గట్టి కుర్చీ అడుగుతాం. మొహమాటపడం.

నడకబడి
సోమవారం, ఉదయం 6:10

నేను ఫిజియోథెరపిస్టును. పదహారేళ్లుగా ఇళ్లకు వెళ్లి ఇలాంటి వారిని నడిపిస్తున్నాను. తులసికోట గారూ, మీరు ఇంటిని వర్ణించిన తీరులోనే సగం జవాబు ఉంది. మన ఇళ్లలో సామానంతా నేలకు దగ్గరగా ఉంటుంది. కొత్త కీలుకు మొదటి మూడు నెలలు పనికిరానిది అదే.

ముందు విషయం అర్థం చేసుకోండి. తుంటి కీలు అంటే గిన్నెలో బంతి. రుబ్బురోలులో పొత్రం ఉన్నట్టు. పొత్రం నిటారుగా ఉన్నంతసేపు ఎంత తిప్పినా రోలులోనే ఉంటుంది. బాగా పక్కకు వాలిస్తే దాని మెడ రోలు అంచుకు తగిలి, అక్కడి నుంచి అడుగు భాగం పైకి లేస్తుంది. కీలు తప్పడం కూడా అలాంటిదే. ఆపరేషన్‌లో కీలు చుట్టూ ఉండే సంచిలాంటి పొరను, కొన్ని కండరాలను తెరుస్తారు. అవి మళ్లీ అతుక్కుని గట్టిపడేదాకా బంతిని పట్టి ఉంచే బలం తక్కువ. ఎక్కువ మందికి కీలు తప్పేది ఈ మొదటి వారాల్లోనే.

వెనుక వైపు నుంచి ఆపరేషన్ చేసి ఉంటే మూడు కదలికలు ప్రమాదం. ఒకటి, తొడకూ నడుముకూ మధ్య కోణం 90 డిగ్రీల కంటే తక్కువకు ముడుచుకోవడం. రెండు, ఆ కాలు శరీరం మధ్యగీత దాటి రెండో కాలి వైపు వెళ్లడం. మూడు, మోకాలు, పాదం లోపలికి తిరగడం. ఒక్కొక్కటి విడిగా జరిగితే చాలాసార్లు కీలు తట్టుకుంటుంది. మూడూ ఒకేసారి కలిసినప్పుడు తట్టుకోలేదు. పై అనుభవంలో జరిగింది చూడండి: సోఫా లోతు వల్ల కోణం ముడుచుకుంది, కండువా కోసం వంగడంతో ఇంకా ముడుచుకుంది, చేయి చాచినప్పుడు మోకాలు లోపలికి వాలి ఉంటుంది.

ఒక విషయం చాలామంది గమనించరు. ఎత్తయిన కుర్చీలో కూర్చుంటే చాలనుకుంటారు. కుర్చీ ఎంత ఎత్తున్నా, కూర్చుని ముందుకు వంగితే అదే కోణం వస్తుంది. కమోడ్ మీద మలబద్ధకంతో ముందుకు వంగి ముక్కేటప్పుడు కూడా అంతే. నొప్పి మాత్రలతో మలబద్ధకం తరచూ వస్తుంది. అందుకే నీళ్లు, పీచు ఉన్న కూరలు, అవసరమైతే డాక్టరు రాసిన మందు మొదటి రోజు నుంచే ఇవ్వండి. కీలుకూ విరేచనానికీ సంబంధమేమిటని నన్ను చాలామంది అడిగారు. సంబంధం ఇదే.

ఇక ఈ మూడు రోజుల పని. అమ్మగారిని వాకర్ పట్టుకుని నిలబెట్టి నేల నుంచి మోకాలి వెనుక మడత దాకా టేపుతో కొలవండి. ఆ కొలత కంటే కనీసం రెండు అంగుళాలు ఎత్తుండాలి మంచమైనా, కుర్చీ అయినా, కమోడ్ అయినా. మనిషి కూర్చున్నాక పరుపు ఎంత దిగుతుందో ఆ దిగిన ఎత్తే లెక్క. నవారు మంచం పూర్తిగా మానేయండి, అది మధ్యలో గుంటలా అయిపోతుంది. చెక్క మంచానికి కోళ్ల కింద గుంట చెక్కిన దిమ్మెలు పెట్టించండి, వడ్రంగి ఒక పూటలో చేసి ఇస్తాడు. ఉత్తి ఇటుకలు పెడితే మంచం జరిగినప్పుడు పక్కకు జారతాయి. పడక కుర్చీని కంటికి కనబడకుండా అటక ఎక్కించండి. కళ్ల ముందుంటే ఏదో ఒక మధ్యాహ్నం కూర్చుంటారు.

పెరటి మరుగుదొడ్డికి, మధ్యలో రంధ్రం ఉన్న స్టీలు కమోడ్ కుర్చీ దొరుకుతుంది. దాన్ని సరిగ్గా మరుగుదొడ్డి మీద నిలబెట్టవచ్చు. కాళ్లకు రబ్బరు బుష్‌లు ఉన్నాయో లేదో చూసి కొనండి. రాత్రిపూట మాత్రం పెరట్లోకి వద్దు. అదే కుర్చీని కింద గిన్నెతో మంచం పక్కనే పెట్టండి.

మంచుఊరు
సోమవారం, ఉదయం 8:55

నేను షికాగోలో ఉంటాను. మా అత్తగారికి ఇక్కడే పోయిన సంవత్సరం తుంటి మార్చారు. ఆపరేషన్ అయిన మర్నాడే ఇంటికి పంపారు. ఎలా కావాలంటే అలా కూర్చోండి, నొప్పి వస్తే ఆగండి అన్నారు. ఈ 90 డిగ్రీల సంగతే ఎవరూ చెప్పలేదు. ఆవిడ హాయిగా ఉన్నారు. ఇన్ని నిషేధాలు పెట్టి పెద్దవారిని మంచానికి కట్టేయడం అవసరమా అని నా నిజమైన సందేహం. భయంతోనే సగం బలం పోతుంది కదా.

గోదావరిగట్టు
సోమవారం, ఉదయం 9:20

మీ అత్తగారు బాగున్నందుకు సంతోషం. కానీ ఒకరికి సరిపోయిన మాట ఇంకొకరికి సరిపోదు. మా నాన్నగారు ఆ సోఫాలో కూర్చున్నప్పుడు ఆయనకు ఏ నొప్పీ లేదు. "నొప్పి వస్తే ఆగండి" అన్న సూత్రం ఆయన్ని కాపాడి ఉండేది కాదు.

అస్థివైద్యుడు
సోమవారం, మధ్యాహ్నం 2:15

ఇద్దరి మాటా నిజమే. తేడా ఎక్కడుందో చెబుతాను. ఎముకల శస్త్రచికిత్సలో పాతికేళ్లకు పైగా ఉన్నాను.

మొదటిది, ఎటు నుంచి చేశారన్నది. ముందు వైపు నుంచి చేస్తే వెనుక పొర, కండరాలు తెరవరు. అలాంటి వారు కూర్చుంటే పెద్దగా ప్రమాదం లేదు. వారికి ప్రమాదం దీనికి తలకిందులు: కాలు బాగా వెనక్కి చాచి పాదం బయటికి తిప్పడం. వెనుక నుంచి చేసిన వారికి నడకబడి గారు చెప్పిన మూడు కదలికలు వర్తిస్తాయి. పక్క నుంచి చేసే పద్ధతి కూడా ఉంది. అందులో కీలు తప్పడం తక్కువ, కానీ తుంటి పక్క కండరం బలం పుంజుకోవడానికి సమయం పడుతుంది, కొందరికి కొంతకాలం కుంటు ఉంటుంది. షికాగో అత్తగారికి ఏ పద్ధతిలో చేశారో కనుక్కోండి. ముందు వైపు నుంచి చేసి ఉంటే ఆ సలహా అర్థవంతమే. ఈ మధ్య వెనుక నుంచి చేసినా, పొరను తిరిగి గట్టిగా కుట్టి, పెద్ద బంతి పెట్టిన చోట నిషేధాలు బాగా సడలించే సర్జన్లు ఉన్నారు. అది వారు ఆపరేషన్ బల్ల మీద కీలును అన్ని వైపులా తిప్పి చూసి తీసుకున్న నిర్ణయం. ఇంకొకరి సర్జన్ మాటను మన ఇంటికి తెచ్చుకోకూడదు.

రెండోది బంతి పరిమాణం. ఆధునిక తుంటి మార్పిడికి దారి వేసిన జాన్ చార్న్‌లీ 1960ల మొదట్లో ఇంగ్లండులో వాడిన బంతి సుమారు 22 మిల్లీమీటర్లు. అరుగుదల తగ్గాలని ఆయన చిన్నది ఎంచుకున్నారు. మన సహజ బంతి దానికి రెట్టింపు పైనే. బంతి చిన్నదైతే అంచు దాటడానికి అది ప్రయాణించాల్సిన దూరం తక్కువ. ఇప్పుడు ఎక్కువగా 32, 36 వాడుతున్నాం. అయితే గిన్నె చిన్నగా ఉంటే పెద్ద బంతి పట్టదు. మన దగ్గర చిన్న శరీరం ఉన్న స్త్రీలలో ఈ ఇబ్బంది తరచూ ఎదురవుతుంది. ప్రమాదం ఎక్కువ ఉన్నవారికి బంతిలో బంతి ఉన్నట్టుండే ద్విచలన కీలు పెడతాం. 1970లలో ఫ్రాన్స్‌లో జిల్ బుస్కే రూపొందించినది అది. కీలు తప్పడాన్ని అది బాగా తగ్గిస్తుంది.

గిన్నెను కూర్చోబెట్టిన కోణం కూడా ముఖ్యమే. దాదాపు 40 డిగ్రీల వాలు, 15 డిగ్రీల ముందుమొగ్గు, అటూ ఇటూ పదేసి డిగ్రీలు అని 1978 నుంచి ఒక లెక్క వాడుకలో ఉంది. కానీ ఆ లెక్కలో సరిగ్గా ఉన్న కీళ్లు కూడా తప్పిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఎందుకంటే మనిషి కూర్చున్నప్పుడు కటి ఎముక వెనక్కి వాలి బంతికి చోటిస్తుంది. నడుము ఎముకలకు మరలు బిగించిన వారిలో, వెన్ను బిగుసుకుపోయిన వారిలో ఆ వాలు ఉండదు. మీ ఇంట్లో ఎవరికైనా నడుము ఆపరేషన్ అయి ఉంటే తుంటి సర్జన్‌కు తప్పక చెప్పండి. అది వేరే విషయమని చెప్పకుండా వదిలేస్తారు.

తులసికోట గారూ, మీ అమ్మగారి విషయంలో ఇంకొక మాట. కీళ్లు అరిగి ఆపరేషన్ చేయించుకున్న వారికంటే ఎముక విరిగి చేయించుకున్న వారికి కీలు తప్పే అవకాశం ఎక్కువ. అందుకని జాగ్రత్త ఎక్కువే ఉండాలి. అయితే ఎముక విరిగినప్పుడు చాలాసార్లు బంతి మాత్రమే మారుస్తారు, గిన్నె సహజమైనదే ఉంచుతారు. దాన్ని సగం మార్పిడి అంటాం, కాగితంలో తరచూ బైపోలార్ అని ఉంటుంది. అందులో బంతి పెద్దది కాబట్టి పూర్తి మార్పిడి కంటే కీలు తప్పడం తక్కువ. డిశ్చార్జి కాగితంలో మూడు సంగతులు రాయించుకోండి: పూర్తి మార్పిడా సగమా, ఎటు నుంచి చేశారు, బంతి ఎంత. సర్జన్ ఎంత తొందరలో ఉన్నా ఈ మూడూ అడగడం మీ హక్కు.

తులసికోట
బుధవారం, రాత్రి 10:05

అడిగాను. జూనియర్ డాక్టరమ్మ ఓపిగ్గా కూర్చుని రాసిచ్చింది. పూర్తి మార్పిడి, వెనుక నుంచి, బంతి 32. పొర తిరిగి కుట్టారట. పన్నెండు వారాలు జాగ్రత్తలు పాటించమన్నారు. ఆ కాగితం చేతిలోకి వచ్చాక మొదటిసారి నాకు ఊపిరి ఆడింది. ఏమి జరిగిందో తెలియకపోవడమే ఇన్నాళ్లూ నన్ను ఎక్కువ కలవరపెట్టిందని అర్థమైంది.

అమ్మ మోకాలి మడత నేలకు పదహారు అంగుళాలు. మంచం దిమ్మెలతో కలిపి పందొమ్మిది అయింది, పరుపు దిగాక పద్దెనిమిది. మా బాబాయి ఆటోలో తీసుకొస్తానన్నాడు. వద్దని కారు మాట్లాడాను. ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి, కొద్దిగా వాల్చి, గట్టి దిండు వేశాం. అమ్మ ముందు వీపు తిప్పి అంచు మీద కూర్చుని, ఆ తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకుంది. నడకబడి గారు నాకు విడిగా రాసి పంపినట్టే చేశాం. ఒక్కసారి కూడా నొప్పి అనలేదు.

వేపనీడ
గురువారం, ఉదయం 7:30

నేను విశ్రాంత ఉపాధ్యాయినిని. నాకు రెండు తుంట్లూ మార్చారు, మొదటిది తొమ్మిదేళ్ల క్రితం. డాక్టర్లు చెప్పేవి సరైనవే, కానీ ఇల్లాలి రోజులో ఎక్కడెక్కడ వంగుతామో వారికి తెలియదు. నేను పొరపాట్లు చేయబోయి ఆగిన చోట్లు చెబుతాను, మీ అమ్మగారికి పనికొస్తాయి.

స్నానం. కుర్చీ ఎత్తయినదే పెట్టుకున్నాను, కానీ బకెట్టు నేల మీదే ఉంది. చెంబు ముంచడానికి ప్రతిసారీ వంగాలి. రెండో రోజుకు తెలిసొచ్చింది. బకెట్టును కూడా స్టూలు మీదికి ఎత్తించాను. పాదాలు రుద్దుకోవడానికి పొడుగు పిడి బ్రష్ తెప్పించుకున్నాను.

దుప్పటి. చలికాలం రాత్రి కాళ్ల దగ్గర ఉన్న దుప్పటిని లాగడానికి లేచి కూర్చుని వంగుతాం. నిద్రమత్తులో ఉంటాం కాబట్టి గుర్తుండదు. దుప్పటి అంచుకు పాత చీర కొంగు కట్టి, దాని చివర నా చేతికి అందేలా ఉంచుకున్నాను.

పిలుపు. వాకర్ పట్టుకుని నిలబడి ఉంటే వెనుక నుంచి ఎవరో పిలుస్తారు. పాదం నేలకు ఆనించే ఉంచి నడుము మాత్రం తిప్పేస్తాం. ఆపరేషన్ కాలి వైపు తిరిగితే ఆ పాదం లోపలికి మెలిపడినట్టే. మా ఇంట్లో ఒక కట్టుబాటు చేశాను: నన్ను ఎవరూ వెనుక నుంచి పిలవకూడదు, ఎదురుగా వచ్చి మాట్లాడాలి. తిరగాలంటే చిన్న చిన్న అడుగులతో ఒళ్లంతా కలిపి తిరగాలి.

పరామర్శకు వచ్చేవారు. మంచం అంచున కూర్చుంటారు, పరుపు వాలుతుంది, మనం అటు ఒరుగుతాం. వారికి కుర్చీ వేయండి. చంటిపిల్లలను ఒడిలో పెడతారు, వారు జారితే మనం చటుక్కున ముందుకు వంగుతాం.

చీర. నాకు అది లేకపోతే తోచదు, అయినా ఆరు వారాలు నైటీలే వేసుకున్నాను, అది కూడా చీలమండ పైదాకా ఉండేవే. కుచ్చిళ్లు కాలికి అడ్డం పడి పడిపోతే అన్ని జాగ్రత్తలూ వృథా. లంగా వేసుకునేటప్పుడు ముందు ఆపరేషన్ కాలు దూర్చాలి, విప్పేటప్పుడు ఆ కాలు చివర. అమ్మగారికి మెట్టెలు సర్దడం, కాలి గోళ్లు తీయడం, పాదాలకు పసుపు రాయడం మీరే చేయండి. మా కోడలు చేసేది. మొదట్లో సిగ్గుగా ఉండేది, తర్వాత అలవాటైపోయింది.

పూజ. దేవుడి గూడు నేల మీద ఉంటే బల్ల మీదికి మార్చండి. నేను కుర్చీలో కూర్చునే దీపం పెట్టాను. దేవుడు ఏమీ అనుకోలేదు.

కొత్తనడక
గురువారం, రాత్రి 11:10

నాకు 36 ఏళ్లు. తుంటి బంతికి రక్తప్రసరణ ఆగి ఎముక చచ్చిపోయే జబ్బు వచ్చింది. వేరే జబ్బుకు స్టెరాయిడ్లు ఎక్కువ కాలం వాడినందువల్ల అన్నారు. పోయిన ఏడాది కుడి వైపు మార్చారు. మా వయసువారికి ఇబ్బంది వేరే. నొప్పి తగ్గగానే అన్నీ మామూలైపోయాయనుకుంటాం. నాలుగో వారంలో కుర్చీలో కూర్చుని షూ లేసు కట్టుకోవడానికి మోకాలి బయట నుంచి చేయి చాపాను. లోపల ఏదో కదిలినట్టు అనిపించి ఆగిపోయాను. అదృష్టం, తప్పలేదు. ఆ రోజే లేసులు లేని బూట్లు, పొడవాటి షూహార్న్, వస్తువులు అందుకునే పట్టుకర్ర కొన్నాను.

ఒక సందేహం. బాసింపట్టు వేసి కూర్చోవడం నిజంగా కాలు మీద కాలు వేసుకున్నంత ప్రమాదమా? మా సర్జన్ ఆరు నెలల తర్వాత అనుమతించారు. మా బంధువులు మాత్రం జీవితాంతం వద్దంటున్నారు.

నడకబడి
శుక్రవారం, ఉదయం 6:00

మంచి ప్రశ్న. ఈ రెంటినీ చాలామంది ఒకటే అనుకుంటారు. మోకాలి మీద మోకాలు వేసుకుంటే కాలు మధ్యగీత దాటుతుంది, లోపలికి తిరుగుతుంది. వెనుక నుంచి చేసిన కీలుకు అది నేరుగా ప్రమాదం. బాసింపట్టులో మోకాళ్లు బయటికి తెరుచుకుంటాయి, తొడ బయటికి తిరుగుతుంది. ఆ భంగిమ అంత చెడ్డది కాదు. ప్రమాదమంతా నేల మీదికి దిగడంలో, మళ్లీ లేవడంలో ఉంది. లేచేటప్పుడు ఒక చేయి నేలకు ఆనించి, ఒళ్లు ముందుకు వాల్చి, మోకాలు లోపలికి మడుస్తాం. మూడు ప్రమాదాలూ ఆ రెండు క్షణాల్లో ఒక్కటవుతాయి. మీ సర్జన్ అనుమతించారు కాబట్టి, పక్కన గట్టి స్టూలు పెట్టుకుని దాని మీద చేతులు ఆనించి దిగడం, లేవడం ఎవరైనా ఫిజియోథెరపిస్టు ఎదురుగా నేర్చుకోండి. తులసికోట అమ్మగారి వయసులో, విరిగిన ఎముకతో చేయించుకున్న వారికి మాత్రం నేల మీద కూర్చోవడం ఇక వద్దనే నేను చెబుతాను.

తులసికోట
పదిహేను రోజుల తర్వాత, సాయంత్రం 5:30

అందరి మాటలూ పాటించాను. కానీ ఇప్పుడు ఇంకో సమస్య. అమ్మ భయపడిపోయింది. నేను రోజుకు పదిసార్లు వంగకు, తిరగకు, అలా కాదు అని అరుస్తూ ఉన్నాను. ఇప్పుడు అమ్మ మంచం దిగడమే మానేసింది. "నడిస్తే ఊడిపోతుందేమో, ఇలాగే ఉండనీయి" అంటోంది. రాత్రి కాళ్ల మధ్య దిండు కాస్త జరిగినా ఏడుస్తోంది. తప్పు నాదే అనిపిస్తోంది. ఏం చేయను?

పైగా మా పెద్దమ్మ వచ్చి, ఒకవేళ జారినా కంగారు లేదు, కట్టు కట్టించే చోటికి తీసుకెళ్దాం అంటోంది.

అస్థివైద్యుడు
అదే రోజు, రాత్రి 8:40

రెండో దానికి ముందు జవాబిస్తాను. తప్పిన కృత్రిమ కీలును కట్టుతో సరిచేయలేరు. మత్తు ఇచ్చి కండరాలను సడలిస్తేనే బంతి లోపలికి వెళుతుంది. ముందు ఎక్స్‌రే తీయాలి, పక్కన ఎముక విరిగిందేమో చూడాలి. బలవంతంగా లాగితే ఎముక విరగవచ్చు, పక్కనే ఉన్న పెద్ద నరం దెబ్బతినవచ్చు. ఒక్కసారిగా తీవ్రమైన నొప్పి వచ్చి, కాలు పొట్టిగా అయి, పాదం ఒక వైపు తిరిగిపోయి, బరువు మోపలేకపోతే అదే గుర్తు. కాలు ఎలా ఉంటే అలాగే దిండ్లతో ఆసరా ఇచ్చి కదలకుండా ఉంచండి. 108కు ఫోన్ చేయండి. నోటికి ఏమీ పెట్టవద్దు, నీళ్లు కూడా. డిశ్చార్జి కాగితం వెంట ఉంచుకోండి. పాదం తిమ్మిరిగా ఉన్నా, వేళ్లు పైకి ఎత్తలేకపోయినా అక్కడి డాక్టరుకు ముందే చెప్పండి. పెద్దమ్మ గారికి ఇది చదివి వినిపించండి.

ఇలాంటిది జరగని వారే చాలా ఎక్కువ. మొదటిసారి తుంటి మార్చుకున్న వందమందిలో సుమారు ఇద్దరు ముగ్గురికి జరుగుతుంది; ఎముక విరిగి చేయించుకున్న వారిలో కాస్త ఎక్కువ, అయినా జరగని వారే చాలా ఎక్కువ. అమ్మగారికి ఈ అంకె కూడా చెప్పండి.

నడకబడి
అదే రోజు, రాత్రి 9:30

అమ్మా, తప్పు మీది కాదు. ప్రతి ఇంట్లో ఇది జరుగుతుంది. కానీ ఇక్కడ ఆగిపోతే నష్టం. ఈ కీలును జీవితాంతం పట్టి ఉంచేది దిండు కాదు, కండరాలు. పడుకుని ఉన్న ప్రతి రోజూ అవి పలచబడతాయి. కదలని కాలికి రక్తం గడ్డకట్టే ప్రమాదం వేరు.

రేపటి నుంచి "వద్దు" అనే మాట మానేసి, చేయాల్సింది చెప్పండి. "వంగకు" అని అనకండి, "వీపు కుర్చీకి ఆనించు" అనండి. "తిరగకు" కాదు, "చిన్న అడుగులు వెయ్యి" అనండి. లేచేటప్పుడు: కుర్చీ అంచుకు జరుగు, ఎడమ కాలు ముందుకు చాపు, చేతులతో కుర్చీ చేతులను నొక్కి లే. ఈ మూడు మాటలు ఆవిడ చేత పైకి చెప్పించండి. నోటితో చెప్పుకుంటూ చేస్తే మూడు నాలుగు రోజుల్లో ఒంటికి పడుతుంది, ఇక మీరు చెప్పక్కరలేదు.

పడుకున్న చోటే గంటకోసారి పాదాలు పైకీ కిందికీ ఆడించడం, మోకాలిని పరుపుకు నొక్కి తొడ బిగించడం, పిరుదులు బిగించి వదలడం. నిలబడి వంటగది గట్టు పట్టుకుని ఎడమ కాలు పక్కకు చాచి తేవడం పదిసార్లు. ఇది వెనుక నుంచి చేసిన వారికే చెబుతున్నాను. పక్క నుంచి ఆపరేషన్ అయినవారు డాక్టరు చెప్పేదాకా చేయకండి. పగలు ప్రతి రెండు గంటలకు ఒకసారి వరండా చివరిదాకా నడక. మెట్టు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు.

దిండు జరిగినంత మాత్రాన ఏమీ కాదు. వెల్లకిలా పడుకుని ఉంటే ఆ కాలు రెండో కాలి మీదికి ఎక్కకుండా చూసుకోవడమే దాని పని. కుడి వైపు ఒత్తిగిలి పడుకోవాలనిపిస్తే మోకాలి నుంచి చీలమండ దాకా నిలిచే పెద్ద దిండు మధ్యలో పెట్టండి.

మంచుఊరు
అదే రోజు, రాత్రి 11:45

కనుక్కున్నాను. మా అత్తగారికి చేసింది ముందు వైపు నుంచే, బంతి 36. ఆ రోజు నేను పూర్తి సంగతి తెలియకుండా అందరికీ వర్తించేట్టు మాట్లాడాను. తులసికోట గారూ, మన్నించండి. భయం గురించి నేనన్న మాట మాత్రం ఇప్పటికీ అంటాను. మా అత్తగారు మీ అమ్మగారితో వీడియోలో మాట్లాడతానంటున్నారు. ఇష్టమైతే చెప్పండి.

తులసికోట
సంక్రాంతి మర్నాడు, మధ్యాహ్నం 3:20

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. ఆరు వారాలకు గుంటూరు తీసుకెళ్లాం, ఎక్స్‌రే బాగుంది. ఇప్పుడు తొమ్మిదో వారం. వాకర్ నుంచి చేతికర్రకు వచ్చింది. కర్ర కుడి చేతిలో పట్టుకోమన్నారు, ఆపరేషన్ అయిన కాలికి ఎదుటి వైపు. మేము ఎడమ చేతికే ఇచ్చేవాళ్లం. షికాగో అత్తగారు అమ్మకు మంచి స్నేహితురాలయ్యారు. ఇద్దరూ రోజూ ఎవరు ఎన్నిసార్లు వరండా చివరిదాకా నడిచారో చెప్పుకుంటారు.

భోగి నాడు అమ్మ వాకిట్లో గట్టి కుర్చీ వేయించుకుని కూర్చుంది. నా కూతురికి చుక్కలు చెబుతూ ముగ్గు పెట్టించింది. పదిహేను చుక్కల తేరు ముగ్గు. మధ్యలో ఒక గీత వంకర పోయింది. అమ్మ కర్ర చివరతో చూపించి దిద్దించింది. ముందుకు వంగబోయి తనే ఆగి, "వీపు ఆనించు" అని పైకి అనుకుంది. నేను ఏమీ అనలేదు.

బందరుబాట
అదే రోజు, రాత్రి 8:15

కొత్తగా చేరాను. ఈ చర్చ అంతా చదివాను. మా నాన్నగారికి వచ్చే సోమవారం తుంటి మార్పిడి. ఆయనకు ఎనిమిదేళ్ల క్రితం నడుముకు మరలు బిగించారు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. రేపే వెళ్లి చెబుతాను. ఇంకేమైనా ఆపరేషన్‌కు ముందే చేయాల్సినవి ఉన్నాయా?

అస్థివైద్యుడు
అదే రోజు, రాత్రి 9:00

రేపే చెప్పండి, నడుము ఆపరేషన్ కాగితాలు, పాత ఎక్స్‌రేలు వెంట తీసుకెళ్లండి. కూర్చుని, నిలబడి పక్క నుంచి తీసే ఎక్స్‌రేలు అవసరమా అని సర్జన్‌ను అడగండి. ద్విచలన కీలు ఆలోచిస్తున్నారా అని కూడా అడగవచ్చు. ఇవి ఆపరేషన్‌కు ముందే తేలాల్సిన విషయాలు.

తులసికోట
అదే రోజు, రాత్రి 9:25

బందరుబాట గారూ, నాన్నగారు ఇంకా ఇంట్లోనే తిరుగుతున్నారు కాబట్టి ఆయన మోకాలి మడత ఎత్తు ఇవాళే కొలవండి. దిమ్మెలు, కమోడ్ కుర్చీ, స్నానానికి ఎత్తు కుర్చీ ఈ వారంలోనే తెచ్చి పెట్టండి. వాటి మీద కూర్చుని లేవడం, వాకర్‌తో తిరగడం రోజూ కాసేపు చేయించండి. నొప్పి, నీరసం లేనప్పుడు నేర్చుకున్నది తర్వాత సులువవుతుందట. మాకు ఆ అవకాశం లేకపోయింది. మా కమోడ్ కుర్చీ ఇంకో మూడు వారాలు కావాలి, ఆ తర్వాత మీకు అవసరమైతే చెప్పండి, బస్సులో వేయిస్తాను. బుష్‌లు కొత్తవి.